వెండితెర ముందు కన్నీరు

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఒక తెలుగు చిత్రం చూస్తుంటారు. కథానాయిక కష్టాలకు తల్లి కళ్ళు చెమ్మగిల్లుతాయి. పక్కనున్న ఎనిమిదేళ్ళ బిడ్డ ఆశ్చర్యపోతుంది: "అది నిజం కాదు కదమ్మా, మరి ఎందుకు ఏడుస్తున్నావు?" తల్లి నవ్వి ఊరుకుంటుంది. కాని ఆ ప్రశ్న తత్త్వవేత్తలను సైతం చిక్కులో పడవేసినది.

ముందుగా, తెరమీద నిజంగా ఉన్నదేమిటో చూద్దాం. ఫిల్ము రీలులో కదలిక అన్నదే లేదు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి తెరపై పడతాయి. నడుమ నడుమ తెర చీకటిగానే ఉంటుంది. ఉన్న చీకటిని మనం చూడం, లేని కదలికను చూస్తాం. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు స్థిరమైన గీతలను తగిన వ్యవధితో మార్చి మార్చి చూపితే, ఒకే గీత అటూ ఇటూ జరుగుతున్నట్లు తోస్తుందని నిరూపించాడు. కదలికను కల్పించేది మన మనస్సే.

మనస్సు కల్పించేది కదలిక ఒక్కటే కాదు. 1944లో అమెరికాలో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ రెండు త్రిభుజాలు, ఒక వృత్తం తిరుగాడే చిన్న చిత్రాన్ని కొందరికి చూపారు. ఏం చూశారో వ్రాయమన్న 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ ఆ ఆకారాలను ప్రాణమున్న జీవులుగానే వర్ణించారు. మాట లేదు, ముఖం లేదు. అయినా కథ పుట్టింది. తెలుగు సగమే అర్థమయ్యే మన పిల్లలు తెలుగు చిత్రంలో లీనం కావడంలో వింత లేదు.

ఇక బిడ్డ ప్రశ్న. 1975లో బ్రిటిష్ తత్త్వవేత్త కోలిన్ రాడ్‌ఫర్డ్ దానినే మరొక విధంగా అడిగాడు. ఒక మనిషి తన సోదరి పడిన ఘోరమైన కష్టాలు చెప్పి మనల్ని కలచివేసి, చివరకు తనకు సోదరే లేదంటే మన జాలి ఆవిరైపోతుంది. మరి లేదని ముందే తెలిసిన అన్నా కరెనినా కోసం ఎందుకు చలిస్తాం? ఇది సహజమే అయినా హేతువుకు పొసగదని ఆయన తీర్మానం.

'మాయాబజార్' (1957) చూసిన తెలుగువారికి ఈ తీర్మానం మింగుడుపడదు. మాయాశశిరేఖ ఘట్టంలో కంటికి కనిపించేది సావిత్రి, రూపం శశిరేఖది, లోపలున్నది ఘటోత్కచుడు. ఆ సుకుమార రూపంలో రాక్షస ఠీవి తొంగిచూసినప్పుడు నవ్వుతాం. ఈ మూడింటిలో ఏది మరచినా ఆ నవ్వు పండదు. నటన అన్న ఎరుక అనుభూతికి అడ్డు కాదు, ఆధారం.

వెయ్యేళ్ళ క్రితం కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యానంలో, దుష్యంతుని బాణానికి బెదరి పరుగెత్తే లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ దృశ్యం వల్ల సహృదయునికి కలిగే భయం "నాది" కాదు, "మరొకరిది" కాదు. దేశకాలాల హద్దులు తొలగిన భయం. అందుకే అతడు పారిపోడు, ఆస్వాదిస్తాడు. ఆలంకారికులు దీనిని సాధారణీకరణం అన్నారు. రాడ్‌ఫర్డ్ చిక్కుకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది. కల్లలాడినవాని సోదరిపై జాలి ఒక వ్యక్తిపై జాలి. ఆమె లేదనగానే దానికి నిలువనీడ ఉండదు. తెరముందు జాలి ఎడబాటుపై, అవమానంపై, తీరని ఆశపై. అవి లోకంలో ఉన్నవే.

"ఏడవకు, అది సినిమాయే" అని పిల్లలతో అంటుంటాం. జడుసుకున్న పసివాడికి ఆ మాట అవసరమే. అతనికి ఆ ఎరుక ఇంకా కుదురుకోలేదు. కాని జాలితో కరిగిన బిడ్డకు ఆ మాట చెబితే, జాలిపడటం తెలివితక్కువతనమని నేర్పినట్లవుతుంది. దానికి బదులు, చిత్రం ముగిశాక "నీకు ఎవరిని చూస్తే బాధ కలిగింది?" అని అడగండి. తల్లి కూడా తన కన్నీటికి కారణం చెప్పవచ్చు. దూరదేశంలో ఉన్న అమ్మమ్మ గుర్తుకు వచ్చిందని ఆమె చెబితే, బిడ్డ తన ప్రశ్నకు జవాబు తానే గ్రహిస్తుంది.