సీసం బద్ధకమే బ్యాటరీకి ఆయుష్షు

పాలిటెక్నిక్ రెండో సంవత్సరం కుర్రాడొకడు అడిగాడు: "సార్, నీటిని విడగొట్టడానికి 1.23 వోల్టులు చాలంటారు. కారు బ్యాటరీలో ఒక్కో సెల్లు 2 వోల్టులు దాటే ఉంటుంది. మరి లోపల నీళ్లు ఎలా మిగులుతున్నాయి?" ఈ రెండు అంకెలూ పుస్తకంలో వేర్వేరు పాఠాల్లో ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాడు గట్టివాడే. లెక్క ప్రకారమైతే బ్యాటరీ షెడ్డులో ఊరికే పడి ఉన్నా తన నీటిని తానే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా మార్చేసుకోవాలి. ఎందుకు మార్చుకోదో తెలిస్తే, అప్పుడప్పుడూ బానెట్ కింద ఎందుకు పేలుతుందో కూడా తెలుస్తుంది.

ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో రెండు సీసపు రేకులను మధ్యలో అడ్డుపొర పెట్టి చాపలా చుట్టి, పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. చార్జింగ్ పెడితే ఒక రేకు మీద ముదురు గోధుమరంగు లెడ్ డయాక్సైడ్ పేరుకుంటుంది, రెండోది మెత్తటి సీసంగా ఉంటుంది. వాడుతున్నకొద్దీ రెండూ లెడ్ సల్ఫేట్ అవుతాయి, ఆమ్లం పలచబడుతుంది. మళ్లీ చార్జింగ్ పెడితే అంతా వెనక్కి తిరుగుతుంది. మెకానిక్ హైడ్రోమీటరు ముంచి ఆమ్లం సాంద్రత 1.28 దగ్గర ఉంటే ఫుల్లని, 1.1కు పడిపోతే డౌనని చెప్పేది అందుకే. ప్లాంటే రేకులు పనికి రావాలంటే నెలల తరబడి చార్జి చేస్తూ దించుతూ ఉండాల్సి వచ్చేది. 1881 నాటికి కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను ప్లేట్లకు పూసి ఆ బాధ తప్పించాడు.

ఇక కుర్రాడి ప్రశ్న. నీళ్లలోంచి హైడ్రోజన్ బయటికి రావాలంటే ముందు ఒక హైడ్రోజన్ అయాను లోహం నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని, ఆ లోహం మీదే కాసేపు అంటుకుని ఉండాలి. పక్కన ఇంకొకటి చేరాలి. రెండూ జతకడితేనే వాయువు. ప్లాటినం మీద ఈ పని చిటికెలో అవుతుంది, ఎందుకంటే హైడ్రోజన్ పరమాణువు కూర్చోవడానికి దాని ఉపరితలం సరిగ్గా సరిపోతుంది. సీసం మీద కూర్చోవడమే కష్టం. అక్కడ ఎలక్ట్రాను చేతులు మారడానికి మామూలు కంటే చాలా ఎక్కువ వోల్టేజి నెట్టాలి. రసాయన శాస్త్రవేత్తలు దీన్ని ఓవర్‌వోల్టేజి అంటారు. నేను సీసం బద్ధకం అంటాను. ఆ బద్ధకం వల్లే నీళ్లు విడిపోవలసి ఉన్నా విడిపోకుండా ఏళ్ల తరబడి ఆగుతాయి. సీసం కాక చురుకైన లోహమేదైనా అక్కడ ఉంటే ఈ బ్యాటరీ పుట్టేదే కాదు.

ఈ బద్ధకాన్ని చెడగొట్టింది కూడా మనుషులే. ఒట్టి సీసం మెత్తన, ప్లేట్లు వంగిపోతాయి. గట్టిపడాలని అందులో యాంటిమొనీ కలిపారు. అది మెల్లగా ప్లస్ ప్లేటు నుంచి కరిగి వెళ్లి మైనస్ ప్లేటు మీద పేరుకుంటుంది. యాంటిమొనీ మీద హైడ్రోజన్‌కు అంత ఇబ్బంది లేదు. దాంతో వాయువు పెరిగి నీళ్లు తగ్గుతాయి. పాతకాలం కార్ల బ్యాటరీల మూతలు ఊడదీసి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వచ్చేది ఇందుకే. 1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యాంటిమొనీకి బదులు రవ్వంత కాల్షియం కలిపి చూశారు. నీళ్లు పోయనక్కర్లేదని అమ్మే నేటి బ్యాటరీల్లో చాలావాటి వెనక ఉన్నది ఆ రవ్వంత కాల్షియమే.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. సీసాన్ని ఓడించాలని ఎడిసన్ నికెల్-ఇనుము బ్యాటరీతో ఏళ్లు గడిపాడు. చలికి డీలా పడే అతని బ్యాటరీ ఇంజన్‌ను తిప్పే పనికి కుదరలేదు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాక పోటీ ముగిసిపోయింది. తర్వాత ఆక్సిజన్‌ను లోపలే తిరిగి నీళ్లుగా మార్చుకునే సీల్డ్ బ్యాటరీలు వచ్చాయి. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసే వాటిలో ఈ రకమూ ఉంది.

ఎంత బద్ధకానికైనా హద్దుంది. చార్జింగులో సెల్లుకు 2.4 వోల్టులు, అంటే ఆరు సెల్లులకూ కలిపి 14.4 దాటితే సీసం కూడా లొంగుతుంది. రెగ్యులేటరు పాడైనా, ఒక సెల్లు షార్టయి దాని వాటా కూడా మిగతా ఐదింటి మీద పడినా అంతే. అనవసరంగా ఎక్కిన ప్రతి ఆంపియర్-గంటకూ ఆరు సెల్లుల్లో కలిపి సుమారు రెండున్నర లీటర్ల హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ పుడతాయి. ఆ రెండింటి నిష్పత్తి సరిగ్గా మండడానికి కావలసినంత. బయటి గాలితో పనే లేదు. దాన్ని అంటించడానికి ఒక మిల్లీజౌల్‌లో వందో వంతు కన్నా తక్కువ శక్తి చాలు. చేతికి చురుక్కుమనే స్టాటిక్ నిప్పురవ్వలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. నీళ్లు తగ్గి ప్లేట్లు బయటపడితే పైన వాయువు నిలిచే చోటు కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు సెల్ఫ్ కొడితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పరుగెత్తుతాయి. లోపలి సీసపు కడ్డీకి సన్నటి పగులున్నా అక్కడ రవ్వ పుడుతుంది, మూత ఎగిరిపోతుంది. జంప్ స్టార్టులో చివరి మైనస్ క్లిప్పును బ్యాటరీకి దూరంగా ఇంజన్ లోహానికి పెట్టమనేది ఈ రవ్వకు భయపడే.

పేలాక ముందు మనిషిని చూడండి, కారును తర్వాత. కళ్లలో ఆమ్లం పడితే రెప్పలు తెరిచి పట్టి కుళాయి నీళ్లతో ఆపకుండా 15-20 నిమిషాలు కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కంట్లో సోడా వేయకూడదు. తడిసిన బట్టలు వెంటనే విప్పేయాలి. బట్ట మీద పడ్డ చుక్క ఆరిపోయింది కదా అనుకుంటారు. ఆరేది నీరు, ఆమ్లం ఆవిరి కాదు. అది చిక్కబడి నూలు దారాన్ని తినేస్తుంది, ప్యాంటు ఉతికిన రోజున చిల్లులు బయటపడతాయి.

ఆపైన సేఫ్టీ గ్లాసెస్, రబ్బరు గ్లవ్స్ వేసుకుని చిందిన ఆమ్లం మీద వంట సోడా చల్లండి. బుసబుసా వచ్చే నురుగు కార్బన్ డయాక్సైడ్. కొత్తగా చల్లినా నురుగు రాకపోతే ఆమ్లం చచ్చినట్టు. అప్పుడు నీళ్లతో కడగాలి. వంటింట్లోని చిన్న ప్యాకెట్ చాలదు: నిండుగా చార్జయిన బ్యాటరీ ద్రవం లీటరుకు సుమారు 800 గ్రాముల సోడా కావాలి. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, వేడెక్కి చిమ్ముతుంది. బూడిదరంగు బురదలో సీసం, దాని సమ్మేళనాలు ఉంటాయి కాబట్టి పొడిగా ఊడ్వకుండా తడిగుడ్డతో తీసి ప్లాస్టిక్ బకెట్లో వేయండి. ఆ నీళ్లు పెరటి మొక్కల వైపు పోనివ్వకండి.

పగిలిన పెట్టెను పాత సామాన్లవాడికి అమ్మకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే దుకాణంలోనే దాన్ని ఇచ్చేయండి.