ముంబయిలో శీతకాలపు గాలి

మన దేశమున గాలి చెడుటను గూర్చి మాట వచ్చినపుడెల్ల తొలుత ఢిల్లీ నగరమే స్ఫురించును. సముద్రపుటొడ్డున నున్న నగరములకు అట్టి బాధ లేదని చాలమంది నమ్మకము. ముంబయి విషయమున ఈ నమ్మకము వానకాలమున నిజమే. అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు గల మాసములలో మాత్రము నిజము కాదు. 2022-23 శీతకాలమున ఆ నగరపు గాలి పెక్కు దినములు ‘చెడ్డది’ అను తరగతికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె అధమమైన తరగతికి దిగినది.

దీనికి కారణము గాలుల నడక. జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు వానలు గాలిలోని దుమ్మును, మసిని కడిగివేయును. వానలు లేనపుడు ఆ పని సముద్రపు గాలి చేయును. పగటివేళ నేల వేడెక్కి దానిపైని గాలి తేలికయై పైకి పోగా, సముద్రముమీది చల్లని గాలి ఆ చోటికి వచ్చును. రాత్రి నేల త్వరగా చల్లబడుటచే గాలి తిరిగి సముద్రమువైపు మరలును. ఋతుపవనములు వెనుదిరిగిన పిదప ఉత్తరమునుండియు ఈశాన్యమునుండియు వీచు నేలగాలి బలపడును. సముద్రపు గాలి పగలు ఆలస్యముగా వచ్చి, ఎక్కువసేపు నిలువదు. పైగా రాత్రివేళ నేలను అంటియున్న గాలి చల్లబడి బరువెక్కగా, పైనున్న వెచ్చని పొర మూతవలె నిలుచును. మూత పెట్టిన కుండలోని ఆవిరివలె నగరము విడిచిన పొగయు దుమ్మును దాని క్రిందనే యుండిపోవును.

కావున శీతకాలమును నిందించి ప్రయోజనము లేదు. దుమ్మును, పొగను పుట్టించు పనులు ఇంచుమించు పండ్రెండు నెలలును జరుగుచునే యున్నవి. వర్షమును సముద్రమును కొన్ని మాసములు వాటిని కప్పిపుచ్చుచున్నవి.

ఉదయమున కనబడు మసకను తెలుగువారు పొగమంచు అందురు. పల్లెలో ఈ మాట పొగవంటి మంచునకు చెల్లును. నగరమున అదే మాటను విడదీసి, పొగయు మంచును అని చెప్పుకొనినను అర్థము సరిపోవును. ఆంగ్లమున ఇందులకై ‘స్మాగ్’ అను పదమును ఇరువదవ శతాబ్ది ఆరంభమున కొత్తగా కల్పింపవలసివచ్చినది. మనకు పాతమాటయే చాలినది. సమానార్థకములకై వెదకుకొను మావంటివారికి ఇది సౌకర్యమే గాని, సంతోషింపదగిన సౌకర్యము కాదు.

ఈ పొగ ఎక్కడిది? మోటారు వాహనములు, వానిలోను డీజిల్ లారీలు. చెంబూరు, ట్రాంబే ప్రాంతములలోని చమురుశుద్ధి కర్మాగారములు. కట్టెలతో మండు బేకరీ పొయ్యిలు. వీధులలో తగులబెట్టు చెత్త. 2016 జనవరిలో దేవనార్ చెత్తకుప్పకు నిప్పంటుకొని దినములకొలది మండగా, ఆ పొగ ఉపగ్రహ చిత్రములలో సైతము కానవచ్చెను. వీటన్నిటికి తోడు కట్టడముల దుమ్ము. పాత ఇండ్లను కూలద్రోసి అంతస్తులమీద అంతస్తులు లేపుటయు, మెట్రో మార్గములు, వంతెనలు వేయుటయు ఎడతెగక సాగుచున్నవి. 2023 అక్టోబరులో నగరపాలక సంస్థ నియమములు వెలువరించి, చిన్న స్థలములలోని కట్టడముల చుట్టు 25 అడుగుల, పెద్దవాని చుట్టు 35 అడుగుల ఎత్తున రేకులు నిలుపవలెననియు, నీరు చల్లుచుండవలెననియు ఆజ్ఞాపించినది. నియమము మంచిదే. ఐతే రేకులు వెలుపలివారిని కాపాడునేగాని లోపలివారిని కాపాడవు. లోపలివారిని గూర్చి తరువాత చెప్పెదము.

గాలిలోని రేణువులన్నియు ఒకే తీరున హాని చేయవు. కంటికి కనబడు దుమ్ము ముక్కులోను గొంతులోను చిక్కుకొని తుమ్ముగనో దగ్గుగనో వెలువడును. రెండున్నర మైక్రోమీటర్లకంటె చిన్నవగు రేణువులు ఎక్కువ ప్రమాదకరములు. ఇవి తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. గాలి రక్తముతో కలియు సూక్ష్మకోశముల వరకు ఇవి పోవును. మిక్కిలి సన్ననివి రక్తములో సైతము ప్రవేశించును. అందుచే ఉబ్బసము, దీర్ఘకాలిక శ్వాసరోగము ముదురుటయే గాక, గుండెపోటు, పక్షవాతము కూడ సంభవించును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో బయటిగాలి కాలుష్యమును క్యాన్సరు కారకములలో చేర్చినది. గర్భిణులు ఇట్టి గాలి పీల్చినచో శిశువు తక్కువ బరువుతో పుట్టు ప్రమాదము పెరుగును. ఈ రేణువులు ఘనమీటరు గాలిలో దినపు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశమున 2009లో ప్రమాణము నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన సంఖ్య 15. కనుక ప్రమాణమునకు లోబడిన గాలి కూడ బొత్తిగా హాని లేనిదని తలపరాదు.

గాలి నాణ్యతాసూచి 2015 నుండి ప్రకటింపబడుచున్నది. అది 200 దాటిన దినమున వృద్ధులు, పిల్లలు, గుండెజబ్బు గాని ఉబ్బసము గాని గలవారు ఆరుబయట శ్రమించుట తగ్గింపవలెను. ఉదయపు నడక మంచిదని పెద్దలు చెప్పుదురు. కాని శీతకాలమున తెల్లవారుజాముననే గాలి మిక్కిలి చెడియుండును. ఎండ వచ్చి నేల వేడెక్కిన పిదప నడచుట మేలు. ఇల్లు పొడిచీపురుతో ఊడ్చుటకు మారుగా తడిగుడ్డతో తుడువవలెను. తలుపులు మూసిన గదిలో దోమల కాయిలు, అగరువత్తులు వెలిగించుకొని బయటి గాలిని నిందించువారు లేకపోలేదు. ముక్కునకు చేతిరుమాలు కట్టుకొనినచో ముతక దుమ్ము ఆగును గాని సన్న రేణువులు ఆగవు. ముఖమునకు బిగుతుగా అమరు ఎన్-95 మాస్కు వానిని చాలవరకు ఆపగలదు.

ఉబ్బస రోగులలో ఇన్‌హేలరు అలవాటుపడునను భయము కలదు. ఆ భయమున పలువురు ఊపిరాడని స్థితి వచ్చువరకు దానిని ముట్టరు. ఇది పెద్ద పొరపాటు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుటచే కొద్ది మోతాదు చాలును. మత్తుమందువలె వ్యసనముగా మారు గుణము దానికి లేదు. వైద్యుడు దినదినము వాడుమనిన ఇన్‌హేలరును ఆయాసము తగ్గినదని తామే మానరాదు. మాటాడలేనంత ఆయాసము, పెదవులు నీలివర్ణమగుట, ఛాతీలో నొప్పి కలిగినచో తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేయవలెను.

ఈ సలహాలు కిటికీ మూసికొని ఇంట కూర్చుండగలవారికి. కట్టడములలో పనిచేయువారికి అట్టి వీలు లేదు. ముంబయి కట్టుబడిలో తెలుగువారు తరతరములుగా శ్రమించిరి. తెలంగాణ ప్రాంతమునుండి పోయిన కామాఠీ కూలీల పేరుననే కామాఠీపురా వెలసినది. పాలమూరునుండి వలసపోవు తాపీమేస్త్రీలు, కూలీలు నేటికిని కలరు. సిమెంటు కలుపునపుడు, రాతిపలకలను యంత్రముతో కోయునపుడు లేచు దుమ్ము వీధిలోని దుమ్ముకంటె ఎన్నోరెట్లు దట్టము. రాతియందును ఇసుకయందును గల సిలికా ఏండ్లతరబడి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. దానిని నయము చేయు మందు లేదు. అది గలవారికి క్షయ సులభముగా సోకును. రాయిని తడుపుచు కోసినచో దుమ్ము చాలవరకు అణగును. ఆ నీటిని, తగిన మాస్కును సమకూర్చుట పని యిచ్చువాని బాధ్యత. కూలివాడు వేడుకొని పొందవలసిన దయగా దానిని ఎంచరాదు.

ఈ వ్యాధి సాధారణముగా పనిలో చేరిన కొలదికాలమునకే బయటపడదు. ఏండ్లు గడచి, పనిచాలించి స్వగ్రామము చేరిన పిదప కూడ దగ్గును ఆయాసమును మొదలగుట కలదు. ఎక్స్‌రేలో ఇది క్షయవలె కనబడవచ్చును. క్షయ లేనివానికి క్షయ మందు లిచ్చినను ఆయాసము తగ్గదు; నెలలు వ్యర్థముగా గడచిపోవును. కావున ముంబయినుండి తిరిగివచ్చినవాడు దగ్గుతో వైద్యుని కడకు పోయినపుడు, తాను ఎన్ని సంవత్సరములు పనిచేసినది, రాయి కోసినదియో సిమెంటు కలిపినదియో, అడుగకుండగనే చెప్పవలెను. కఫపరీక్ష చేయించుకొనుటతోపాటు ఆ వివరమును చీటీపై వ్రాయించుకొని, పెద్దాసుపత్రికి పోవునపుడు వెంట తీసికొనిపోవలెను.