వైజాగ్ దగ్గరే కదా అనుకోవద్దు!



భీమునిపట్నం గురించి తెలియనివారు మనలో తక్కువ. మనమంతా భీమిలి అని పిలుచుకునే ఈ ఊరు విశాఖపట్నానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వ్యాపారం కోసం ఇక్కడ స్థిరపడ్డారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఈ ఊరు ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. ఒకవైపు కొండ, మరోవైపు సముద్రం, మధ్యలో ప్రశాంతమైన వీధులు. ఉద్యోగం నుండి రిటైరై, ఇలాంటి చోట ఇల్లు కట్టుకోవాలని చాలామంది కోరుకుంటారు. మంచిదే. అయితే అక్కడ ఉండేవారికి, వెళ్లాలనుకునేవారికి నర్సులుగా మేము కొన్ని మాటలు చెప్పదలచాము.

గాలి మంచిదే, కానీ మందు కాదు

సముద్రపు ఒడ్డున ఉదయం నడక గుండెకు, మనసుకు మేలు చేస్తుంది. కానీ సముద్రపు గాలి బి.పి.ని, షుగర్‌ని నయం చేయదు. “ఇక్కడికి వచ్చాక ప్రాణం హాయిగా ఉంది సిస్టరమ్మా, అందుకే మాత్రలు మానేశాను” అని చెప్పినవారిని మేము చూశాము. బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. హాయిగా ఉండటం, బి.పి. అదుపులో ఉండటం ఒకటి కావు.

తీరంలో మరో సంగతి ఉప్పు. పప్పుచారులోకి ఉప్పుచేప ఉంటే ఆ రుచే వేరు! కానీ పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా ఉప్పు చాలు. ఎండుచేపలను నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి వండితే కొంత ఉప్పు పోతుంది. ఆ కూరలో మళ్లీ ఉప్పు వేయకండి. బి.పి. ఉన్నవారు ఎండుచేపలు ఎప్పుడో ఒకసారి తినాలి. పచ్చిచేప అన్నివిధాలా మేలు.

“అరగంటే కదా” అన్న మాట

మా వార్డుకు వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాము. ఉదయం 6 గంటలకు టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. “వైజాగ్ ఎంత దూరం, అరగంటే కదా. అబ్బాయి కారు తీసుకుని వస్తాడు” అని ఇంట్లోవారు కాసేపు పడుకోబెట్టారు. అబ్బాయి నగరం నుండి బయలుదేరి వచ్చేసరికి 9 దాటింది. తిరిగి వెళ్లే దారిలో ట్రాఫిక్. ఆస్పత్రికి చేరి స్కానింగ్ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ప్రాణం దక్కింది కానీ కుడిచేయి పూర్తిగా తిరిగి రాలేదు. ఆయన భార్య మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: “అప్పుడే తెచ్చి ఉంటే బాగుండేదా అమ్మా?” దానికి జవాబు చెప్పడం మాకు చాలా కష్టమైంది.

రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి, గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. దానికి ముందు సి.టి. స్కాన్ తప్పనిసరి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. నగరం దగ్గరగా ఉన్నందువల్ల ప్రయోజనం కలగాలంటే మనం వెంటనే బయలుదేరాలి.

ఇవి గుర్తుంచుకోండి:

1. మూతి వంకర పోవడం, ఒక చేయి లేక కాలు పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం వచ్చినా అంతే.

2. మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం రాసుకోండి. డాక్టరు గారు మొదట అడిగేది అదే.

3. పక్షవాతం లక్షణాలు ఉంటే నీళ్లు, టీ, మాత్రలు నోట్లో పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

4. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకువెళ్లండి.

5. రాత్రీ పగలూ స్కాన్ ఉండే ఆస్పత్రి ఏదో ఇప్పుడే తెలుసుకుని, ఫోన్ నంబరు గోడమీద రాసి పెట్టుకోండి.

బంధువులు వచ్చినప్పుడు

సెలవులకు పిల్లలు వస్తే సముద్రానికి పరుగెత్తుతారు. అలలు విరగకుండా నిశ్చలంగా కనిపించే చోట, లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చు. దానిలో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. నీట మునిగిన వారిని తలక్రిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇస్తూ, ఛాతీ నొక్కుతూ ఉండాలి. ఈ పద్ధతిని ఇంటికి ఒకరైనా నేర్చుకోవాలి.

భీమిలి వంటి ఊరిలో ఉండటం ఒక భాగ్యమే. ఉదయం నడవండి, పచ్చిచేప తినండి, మాత్రలు మానకండి, నెలకొకసారి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో బి.పి. చూపించుకోండి. కష్టం వచ్చిన రోజున మాత్రం అబ్బాయి కారు కోసం ఎదురుచూడకండి.