ఆఫ్రికాన్స్, అబ్ఖాజ్ భాషల పోలిక

ఆఫ్రికాన్స్ మరియు అబ్ఖాజ్ భాషలు పరస్పరం ఎటువంటి బంధుత్వమూ లేని రెండు భాషలు. ఆఫ్రికాన్స్ ఇండో-యూరోపియన్ కుటుంబంలోని పశ్చిమ జర్మానిక్ శాఖకు చెందినది. దక్షిణ ఆఫ్రికా, నమీబియా దేశాలలో మాట్లాడబడుతున్నది. అబ్ఖాజ్ వాయవ్య కాకసస్ కుటుంబానికి చెందినది. నల్లసముద్రపు తూర్పు తీరాన ఉన్న అబ్ఖాజియాలోను, టర్కీలో స్థిరపడిన అబ్ఖాజ్ ప్రజలలోను వాడుకలో ఉన్నది. నిర్మాణంలో ఈ రెండు భాషలు దాదాపు రెండు ధ్రువాల వంటివి. అయితే రాజ్యాధికారం భాషను ఎలా పెంచగలదో, ఎలా అణచగలదో తెలుసుకొనుటకు రెండింటి చరిత్రలూ ఉపకరిస్తాయి.

పుట్టుపూర్వోత్తరాలు

1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్ ప్రాంతంలో ఒక స్థావరాన్ని ఏర్పాటు చేసింది. అక్కడి వలసదారుల డచ్ భాష స్థానిక ఖోయ్ ప్రజల నోట, ఆసియా నుండి, ఆఫ్రికాలోని ఇతర ప్రాంతాల నుండి తేబడిన బానిసల నోట క్రమంగా మారి ఆఫ్రికాన్స్‌గా రూపొందింది. "చాలా" అనే అర్థమిచ్చే 'బాయె', అరటిపండుకు వాడే 'పీసాంగ్' మలయ్ భాష నుండి వచ్చిన పదాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దక్షిణ ఆఫ్రికాలో సుమారు 68 లక్షల మందికి ఇది మాతృభాష. వీరిలో సగానికి పైగా శ్వేతజాతీయులు కానివారే.

అబ్ఖాజ్ కాకసస్‌లో అతి ప్రాచీన కాలం నుండి ఉన్న భాషాకుటుంబానికి చెందినది. అబాజా దీనికి అతి సన్నిహిత భాష. అదే కుటుంబానికి చెందిన ఉబిఖ్ భాష, దానిని ధారాళంగా మాట్లాడగల చివరి వ్యక్తి తెవ్ఫిక్ ఎసెంచ్ 1992లో మరణించడంతో అంతరించింది. అబ్ఖాజ్ మాట్లాడేవారి సంఖ్య లక్షకు పైగా ఉంటుంది.

ధ్వనులు

అబ్ఖాజ్ సాహిత్య భాషకు ఆధారమైన అబ్జువా మాండలికంలో 58 హల్లులు ఉన్నాయి. బ్జిప్ మాండలికంలో 67 ఉన్నాయి. అచ్చులు మాత్రం మూలంగా రెండే అని భాషావేత్తలు విశ్లేషిస్తారు. తెలుగు వర్ణమాలలోని హల్లులు నలభైకి లోపే అని గుర్తుంచుకుంటే ఈ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆఫ్రికాన్స్‌లో ఇందుకు విరుద్ధంగా హల్లులు తక్కువ. అచ్చులు, సంయుక్తాచ్చులు ఎక్కువ.

వ్యాకరణం

* క్రియ: ఆఫ్రికాన్స్ క్రియ పురుష, వచన భేదాలను చూపదు. 'ఎక్ ఇస్' (నేను ఉన్నాను), 'ఓన్స్ ఇస్' (మేము ఉన్నాము) అన్నప్పుడు క్రియ ఒక్కటే. అబ్ఖాజ్ క్రియలో కర్త, కర్మ రెండూ ఇమిడి ఉంటాయి. 'ఇజ్బోయిత్' అనే ఒక్క మాటకు "నేను దానిని చూస్తున్నాను" అని అర్థం. ఇందులో 'ఇ' దానిని, 'జ్' నేను, మిగిలిన భాగం చూచుటను, వర్తమాన కాలాన్ని సూచిస్తాయి. ఆఫ్రికాన్స్‌లో ఇదే భావానికి 'ఎక్ సీన్ డిట్' అనే మూడు మాటలు కావాలి. తెలుగులోని "చూస్తున్నాను"లో కర్త తెలుస్తుంది, కర్మ తెలియదు.
* లింగం: ఆఫ్రికాన్స్ నామవాచకాలకు లింగభేదం లేదు. అబ్ఖాజ్‌లో ఎదుటి వ్యక్తిని సంబోధించేటప్పుడు కూడా లింగభేదం పాటించాలి. "నిన్ను చూస్తున్నాను" అని పురుషునితో 'ఉజ్బోయిత్' అని, స్త్రీతో 'బిజ్బోయిత్' అని అంటారు. తెలుగులో "నిన్ను" ఇద్దరికీ ఒక్కటే.
* వ్యతిరేకార్థం: ఆఫ్రికాన్స్‌లో 'నీ' అనే నిషేధపదం సాధారణంగా రెండుసార్లు వస్తుంది. 'ఎక్ ప్రాట్ నీ ఆఫ్రికాన్స్ నీ' అనగా "నేను ఆఫ్రికాన్స్ మాట్లాడను".
* సంఖ్యలు: అబ్ఖాజ్ లెక్క ఇరవైల మీద నడుస్తుంది. నలభై అనగా రెండు ఇరవైలు. ఆఫ్రికాన్స్‌లో ఇరవై ఒకటిని "ఒకటీ-ఇరవై" అనే క్రమంలో చెబుతారు.

లిపి

ఆఫ్రికాన్స్ నేడు రోమన్ లిపిలో వ్రాయబడుతున్నది. అయితే పంతొమ్మిదవ శతాబ్దంలో కేప్ ముస్లిములు దీనిని అరబిక్ లిపిలో వ్రాశారు. అబూబక్ర్ ఎఫెండి వ్రాసిన మతగ్రంథం 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది.

అబ్ఖాజ్ లిపి అనేకసార్లు మారింది. 1862లో పీటర్ ఉస్లార్ సిరిలిక్ ఆధారంగా మొదటి వర్ణమాలను రూపొందించాడు. 1892లో ద్మిత్రి గులియా, కాన్‌స్టాంటిన్ మాచవారియాని మరొక వర్ణమాలను తయారుచేశారు. 1926లో నికొలాయ్ మార్ రూపొందించిన లిపి, 1928లో మరొక రోమన్ లిపి, 1938లో జార్జియన్ లిపి ప్రవేశపెట్టబడ్డాయి. 1954లో తిరిగి సిరిలిక్ వచ్చింది. ఆ విధంగా ముప్పై ఏళ్ళ లోపే ఒక తరం చదివిన అక్షరాలు తరువాతి తరానికి కొత్తవయ్యాయి.

రాజ్యం, పాఠశాల, భాష

ఆఫ్రికాన్స్‌ను చాలాకాలం "వంటింటి భాష" అని చిన్నచూపు చూశారు. 1875లో పార్ల్ పట్టణంలో దీని కొరకు ఒక సంఘం ఏర్పడింది. 1925లో అధికార భాషగా గుర్తింపు లభించింది. కానీ వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతి విద్యార్థులపై ఆఫ్రికాన్స్ బోధనను బలవంతంగా రుద్దడంతో 1976 జూన్ 16న సొవెటోలో విద్యార్థులు తిరగబడ్డారు. పోలీసు కాల్పులలో అనేకమంది మరణించారు. 1994 తరువాత ఆఫ్రికాన్స్ 11 అధికార భాషలలో ఒకటైంది. 2023లో సంజ్ఞాభాష చేరికతో ఆ సంఖ్య 12కు పెరిగింది.

అబ్ఖాజియాలో 1945-46లో అబ్ఖాజ్ పాఠశాలలు మూసివేయబడి బోధన జార్జియన్ భాషలోకి మార్చబడింది. 1953లో స్టాలిన్ మరణానంతరం అవి మళ్ళీ తెరుచుకున్నాయి. 1992-93 యుద్ధకాలంలో సుఖుమిలోని పరిశోధనాసంస్థ, దస్తావేజుల భాండాగారం అగ్నికి ఆహుతయ్యాయి. జార్జియా రాజ్యాంగం ప్రకారం కూడా అబ్ఖాజియాలో ఇది అధికార భాషయే. అయినప్పటికీ అక్కడి నిత్యవ్యవహారంలో రష్యన్ భాష ప్రాబల్యం అధికం. యునెస్కో అబ్ఖాజ్‌ను ముప్పు పొంచివున్న భాషలలో చేర్చింది.

ఒకనాడు చిన్నచూపుకు గురైన ఆఫ్రికాన్స్ మరొకనాడు ఇతరులపై బలవంతంగా రుద్దబడింది. అబ్ఖాజ్ తన సొంత గడ్డపైనే బడికి దూరమైంది. రెండు సందర్భాలలోనూ ఆ భారాన్ని మోసినది బడిపిల్లలే.