మెదడు లేదు, గుండె లేదు... మరి జెల్లీఫిష్ ఎలా కుడుతుంది?

నేను సూళ్లూరుపేట నుంచి మాట్లాడుతున్నా. మన ఊరు అనగానే శ్రీహరికోట రాకెట్లు, పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. ఈరోజు మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక జీవి గురించి చెప్తాను. తూపిలిపాళెం, మైపాడు లాంటి బీచ్‌లకు వెళ్లినప్పుడు ఒక్కోసారి ఇసుక మీద జిగురుముద్దలా పడి ఉంటుంది చూడండి, అదే జెల్లీఫిష్.

పేరులో ఫిష్ ఉంది కానీ ఇది చేప కాదు. వెన్నెముక కాదు కదా, ఒంట్లో అసలు ఎముకే లేదు. మెదడు, గుండె, రక్తం కూడా లేవు. దాదాపు 95 శాతం నీళ్లే.

మరి బతికేదెలా? దీని శరీరంలో కణాల పొరలు రెండే. వాటి మధ్య జెల్లీ లాంటి పదార్థం. పొరలు బాగా పలచన కాబట్టి నీళ్లలోని ఆక్సిజన్ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. మొప్పలతో పనిలేదు. తినడానికీ, తిన్నాక మిగిలింది బయటకు పంపడానికీ ఒకటే నోరు. మెదడుకి బదులు ఒళ్లంతా వలలా అల్లుకున్న నాడీ కణాలు ఉంటాయి. స్కూల్లో బొమ్మ గీసిన హైడ్రా, సముద్రంలోని పగడాలు, ఇవన్నీ దీని చుట్టాలే. ఈ వర్గం పేరు నిడేరియా.

ఇక అసలు విషయం. వేలాడే తీగల్లాంటి స్పర్శకాల నిండా దంశకణాలు ఉంటాయి. ఒక్కో కణంలో చిన్న సంచి, అందులో చుట్టచుట్టిన సన్నని గొట్టం. ఏదైనా తగిలితే చాలు, ఆ గొట్టం దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది. హైడ్రాలో కొలిచి చూస్తే, సెకనులో పది లక్షల వంతు కూడా పట్టలేదు! దీనికి మెదడు ఆర్డర్ వేయక్కర్లేదు. అందుకే చచ్చి ఒడ్డున పడినా, తెగిన ముక్కయినా కుడుతుంది. సెల్ఫీ కోసం చేత్తో ఎత్తకండి.

కుడితే ఏం చేయాలి? రుద్దొద్దు, ఇసుక పూయొద్దు. మంచినీళ్లు పోయొద్దు, ఇంకా పేలని కణాలు కూడా పేలతాయి. మూత్రం పోయమనే సలహా అసలు వినొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, అతుక్కున్న తీగల్ని పట్టకారుతో తీసేయండి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, ఓ 20 నిమిషాలు ఉంచితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, ముఖం వాచినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ వారం బీచ్ ప్లాన్ ఉన్న ఫ్రెండ్‌కి ఇది పంపండి. మళ్లీ కలుద్దాం!