వీడియో కనబడనపుడు ప్లగ్-ఇన్ ఎక్కించవచ్చునా?

వరిలో కాండము తొలుచు పురుగును గూర్చిన వీడియో చూడదలచి మీరు కంప్యూటరు ముందు కూర్చున్నారనుకొనుడు. బొమ్మకు బదులు నల్లని గడి కానవచ్చి, అందు ‘ఫ్లాష్ ప్లేయరు ఎక్కించుకొనుడు’ అను మీట కనబడినది. దానిని నొక్కవచ్చునా? ఎంతమాత్రము నొక్కరాదు.

వెబ్ పుటలను చూపు ప్రోగ్రామును బ్రౌజరు అందురు. క్రోము, ఫైర్‌ఫాక్సు, ఎడ్జి అనునవి ఇట్టివి. పూర్వము బ్రౌజరులకు వీడియోలను తమంత తాము ఆడించు శక్తి లేకుండెను. గొర్రుకు జడ్డిగము అమర్చినట్లు, బ్రౌజరుకు అదనముగా తగిలించు సాధనమే ప్లగ్-ఇన్. వీనిలో మిక్కిలి వాడుకలో నుండినది అడోబి సంస్థ వారి ఫ్లాష్ ప్లేయరు. 2014 లో హెచ్.టి.ఎమ్.ఎల్. 5 అను ప్రమాణము ఖాయమైనది. ఆ పద్ధతిని బట్టి ఇపుడు బ్రౌజరులే వీడియోలను ఆడించుచున్నవి. అడోబి వారు 2020 డిసెంబరు 31 తో ఫ్లాష్ ప్లేయరుకు స్వస్తి చెప్పి, 2021 జనవరి 12 నుండి అది పనిచేయకుండ అడ్డుకట్ట వేసిరి.

కావున నేడు ఫ్లాష్ ఎక్కించుకొమ్మను మీట కనబడినచో అది మోసమని తలచవలెను. 2017 అక్టోబరులో ‘బ్యాడ్ ర్యాబిట్’ అను దుష్ట ప్రోగ్రాము ఫ్లాష్ ప్లేయరు వేషముననే రష్యా, ఉక్రెయిన్ దేశములలో వ్యాపించి, కంప్యూటరులలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరినది. ధ్రువీకరణ చీటీ లేని సంచిలోని విత్తనమును మీరు పొలమున చల్లుదురా? ఇదియు అట్టిదే.

మరి వీడియో ఆడనపుడు ఏమి చేయవలెను?

1. వేరొక వెబ్ పుటలోని వీడియోను ఆడించి చూడుడు. అది ఆడినచో లోపము మొదటి పుటదే కావచ్చును.

2. బ్రౌజరును తాజా పరచుడు. క్రోములో కుడివైపు పైమూలనున్న మూడు చుక్కలను నొక్కి, ‘హెల్ప్’ లోని ‘అబౌట్ గూగుల్ క్రోమ్’ ను తెరచినచో కొత్త కూర్పు దానంతటదే దిగును. పిదప ‘రీలాంచ్’ నొక్కవలెను.

3. విండోసు కంప్యూటరులో పాత ఫ్లాష్ ప్లేయరు మిగిలియున్నచో, కంట్రోల్ ప్యానెల్ నుండి తీసివేయుడు.

4. కంప్యూటరులోనికి దించుకొన్న వీడియో ఫైలు ఆడనిచో, వి.ఎల్.సి. అను ఉచిత ప్రోగ్రామును వాడవచ్చును. దానిని వీడియోల్యాన్ సంస్థ వారి స్వంత వెబ్ పుట నుండియే తెచ్చుకొనవలెను.

పొరపాటున మీట నొక్కి, వచ్చిన ప్రోగ్రామును ఎక్కించినచో వెంటనే ఇంటర్నెట్టు తీగను ఊడదీయుడు. వైఫై ఉన్నచో ఆపివేయుడు. వేరొక ఫోను నుండి బ్యాంకు వారికి తెలిపి, పాస్‌వర్డులు మార్చుకొనుడు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేయుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. మీ కార్యాలయపు కంప్యూటరులో ఊరివారి పాసు పుస్తకముల నకళ్లు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఉండవచ్చును. ఒక్కరు తొందరపడి నొక్కిన మీట వలన ఊరంతయు నష్టపోవును. కావున ఈ విషయమును కంప్యూటరు ముందు కూర్చుండు ప్రతివారికిని తెలియజేయుడు.