వట్టిపోయిన ఆవుకి పొదుగువాపు ఎలా వస్తుంది? మూడు చన్నుల గౌరి నేర్పిన పాఠం

వీడియోలో ముందుగా కనిపించే ఎర్ర జెర్సీ క్రాస్ ఆవు మా గౌరి. దాని వెనక ఎడమ చన్ను చూడండి, చిన్నగా ముడుచుకుపోయి ఉంటుంది. అందులో పాలు రావు. ఆ చన్ను పోవడానికి కారణం నేనే.

రెండో ఈత చూడిలో ఏడు నెలలు నిండాక దానికి పాలు ఆపేశాను. మూడో రోజుకి పొదుగు బిగుసుకుపోయింది. "పాపం రా, పగిలిపోయేలా ఉంది, కొంచెం పిండు" అంది అమ్మ. సగం పిండాను. నాలుగు రోజులాగి మళ్ళీ పిండాను. డిప్లొమాలో చదువుకున్నదంతా ఆ టైంలో గుర్తు రాలేదు. ఈనిన రోజు ఆ చన్నులోంచి జున్నుపాలకి బదులు నీళ్ళలాంటివి, తెల్ల ముక్కలతో వచ్చాయి. డాక్టరు గారు వారం వైద్యం చేసినా చన్ను దక్కలేదు.

అసలు సంగతి ఏంటంటే, పాలు ఆపాక చన్ను రంధ్రంలో మైనం లాంటి బిరడా తయారవుతుంది. కెరటిన్ అంటారు. క్రిములు లోపలికి పోకుండా ఆపే తలుపు అది. కొన్ని ఆవులకి త్వరగానే పడుతుంది, కొన్నిటికి వారాలు పడుతుంది. మనం జాలిపడి పిండిన ప్రతిసారీ ఆ తలుపు తీసినట్టే. పైగా పిండితే పాలు ఇంకా ఊరతాయి. పిండకుండా వదిలేస్తే లోపలి ఒత్తిడికి పాలు ఊరడం ఆగి, ఉన్నవి మెల్లగా ఇంకిపోతాయి. నాలుగూ సమానంగా బిగిస్తే భయం లేదు. ఒక్క చన్ను మాత్రమే ఎర్రబడి, వేడిగా ఉండి, ముట్టుకుంటే తన్నుతుంటే, మేత మానేస్తే అది జబ్బు. ఆ రోజే డాక్టర్ని పిలవాలి.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఆపుతాను. దానికి రెండు వారాల ముందే సర్ఫు పరీక్ష. అర లీటరు నీళ్ళలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, ఒక్కో చన్ను పాలు విడిగా తీసుకుని, పాలెన్నో ఆ నీళ్ళూ అన్నే పోసి తిప్పుతాను. జిగురులా సాగితే ఆ చన్నులో జబ్బు దాగి ఉన్నట్టే. అప్పుడు డాక్టర్ని అడిగి ఆ ఆవుకి మందు వేయిస్తాను. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా అని జబ్బు ఉన్న ఆవుకి మందు ఎగ్గొట్టడం నాకు ఇష్టం లేదు. యాంటీబయాటిక్ కొంత పేడలో, మూత్రంలో బయటికి వస్తుంది కాబట్టి కొన్నాళ్ళు ఆ ఆవువి జీవామృతానికి వాడను, అంతే. జబ్బు లేని ఆవుకి మాత్రం ముందుజాగ్రత్త పేరుతో వేయించను. యూరప్‌లో కూడా 2022 జనవరి నుంచి మందకంతా అలా వేయడం ఆపేశారు.

పరీక్ష అయ్యాక దాణా తగ్గించుకుంటూ వస్తాను, ఆఖరి వారం వరిగడ్డే ఎక్కువ. నీళ్ళు మాత్రం ఆపొద్దు. ఆఖరిసారి చుక్క మిగలకుండా పిండి, చన్ను మొన తుడిచి, అయోడిన్ ద్రావణంలో ముంచుతాను. తర్వాత అరగంట ఆవు పడుకోకూడదు, ఎందుకంటే రంధ్రం ఇంకా తెరిచే ఉంటుంది. పచ్చిమేత ముందేస్తే నిలబడే తింటుంది.

కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 గ్రాములు నూరిన ముద్ద గురించి చాలామంది ఫోన్లు చేస్తున్నారు. ఎన్.డి.డి.బి. వాళ్ళు ప్రచారం చేస్తున్నదే, మంచిదే. పొదుగువాపు వచ్చినప్పుడు పైన పూయడానికి అది. చన్ను లోపలికి నెయ్యి గానీ పసుపు గానీ ఎక్కించొద్దు, దండం పెడతాను.

ఇక కొట్టం. మాది నల్లరేగడి. పాలిచ్చే ఆవుని సిమెంటు మీద కట్టి, వట్టి ఆవుని వెనక బురదలో కట్టేసేవాళ్ళం, పాలివ్వట్లేదు కదా అని. పొదుగుకి ఎక్కువ ప్రమాదం ఉండే సమయాలు రెండు. పాలు ఆపిన మొదటి రెండు వారాలు, ఈనే ముందు రెండు వారాలు. ఇప్పుడు ఆ రోజుల్లో దాన్ని పొడి ఇసుక మీద కడతాను, పేడ రెండు పూటలా తీస్తాను, సాయంత్రం ఈగలకి వేపాకు పొగ. ఈనే ముందు పొదుగు నిండి బిరడా కరుగుతుంది, పాలు కారినా పిండను.

ఈనాక నాలుగు చన్నుల మొదటి ధారలూ నల్లగుడ్డ మీద పోసి ముక్కలున్నాయేమో చూస్తాను. సర్ఫు పరీక్ష మాత్రం వారం తర్వాతే, జున్నుపాలు ఆరోగ్యంగా ఉన్నా జిగురులా సాగుతాయి.

గౌరి మొన్న నాలుగోసారి ఈనింది, మూడు చన్నులూ బాగున్నాయి. ఆఖరి పిండుడు, అయోడిన్ ముంచడం వీడియోలో మొత్తం కట్ చేయకుండా పెట్టాను, చూసి మీ డౌట్లు అడగండి.